చూశారు, జవాబివ్వలేదు: సోషల్ మీడియా వచ్చాక మన మధ్య ఏం మారింది?

పాతడైరీ:
పోయిన నెలలో నేనూ మా చెల్లెలూ పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. ఆస్తి తగాదా కాదు, మాట పట్టింపు కూడా కాదు. తాను రాత్రి పంపిన వాట్సాప్ సందేశాన్ని నేను నిద్రమత్తులో తెరిచి, పొద్దున తీరిగ్గా రాద్దామని పక్కన పెట్టి, మరిచిపోయాను. అవతల రెండు నీలి టిక్కులు పడ్డాయి. చదివితే టిక్కులు నీలిరంగులోకి మారే ఏర్పాటు వచ్చిన 2014 నవంబరుకు ముందైతే సందేశం చేరిందన్న సంగతి మాత్రమే తనకు తెలిసేది. చదివానో లేదో తెలియదు కాబట్టి, అక్క పనిలో ఉన్నట్టుందని తనే సర్దిచెప్పుకునేది. ఉత్తరాల కాలంలో ఆలస్యమైతే నింద మోయడానికి తపాలా శాఖ ఉండేది. ఇప్పుడు ఆ నెపం ఎవరిమీదా వేయలేము. మౌనం కూడా ఒక జవాబుగానే లెక్కకు వస్తోంది.

సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అన్న వాదం ఇక్కడ వద్దని మనవి. మీ ఇంట్లో, మీ స్నేహాల్లో ఏ అలవాటు ఎలా మారిందో, మీకు జరిగిన సంగతితో సహా రాయండి.

తీరికలేనివాడు:
ఆ టిక్కులు కనబడకుండా సెట్టింగుల్లో ఆపుకోవచ్చు కదా అని ఎవరైనా అనకముందే చెబుతున్నాను: నేను ఆపి చూశాను. అలా ఆపినవారికి ఎదుటివారు చదివారో లేదో కూడా కనబడదు, గ్రూపుల్లోనైతే అసలు ఆపడం కుదరదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ‘ఎందుకు దాస్తున్నావు?’ అన్న ప్రశ్న ఇంట్లో మొదలైంది. వారం తిరగకుండానే మళ్లీ పెట్టేశాను.

చివరిబెంచి:
నా అనుభవం స్నేహం ముగిసే తీరు గురించి. పూర్వం స్నేహానికి మొదలు ఉండేది గాని, ఫలానా రోజున ముగిసిందని చెప్పడానికి వీలుండేది కాదు. ఉద్యోగాలు మారి, ఇళ్లు మారి, ఉత్తరాలు పలచబడి, ఎవరి తప్పూ లేకుండానే మనుషులు దూరమయ్యేవారు; ఎప్పుడైనా ఎదురుపడితే అంతే సహజంగా పలకరించుకునేవారు. ఇప్పుడు జాబితాలో ఉంచుకోవాలి, లేదా పనిగట్టుకుని తీసివేయాలి. ‘అన్‌ఫ్రెండ్’ అన్న మాటను న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ 2009 సంవత్సరపు పదంగా ఎంచుకుంది. ఆ పని అప్పటికే ఎందరికి అవసరపడిందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. నేనూ ఒక పాత సహోద్యోగిని అలా తీసేశాను. ఏడాది తర్వాత ఆయన ఒక సమావేశంలో కలిసి, నలుగురిలోంచి పక్కకు పిలిచి, ‘నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అండీ?’ అని అడిగారు. ఆయన రోజుకు ముప్పై పోస్టులు పెడతారు, అంతకుమించి ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆ మాట ముఖాన చెప్పలేక, ఖాతాలో ఏదో తేడా వచ్చిందని అబద్ధమాడాను.

అయితే ఇదే జాబితా నాకు మేలు కూడా చేసింది. ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితుల నుంచి కంటే, అప్పుడప్పుడు కలిసే పరిచయస్తుల నుంచే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఒక వ్యాసంలో వివరించారు; దగ్గరివాళ్లకు తెలిసింది సాధారణంగా మనకూ ముందే తెలిసి ఉంటుందన్నది ఆయన తర్కం. నేనిప్పుడు చేస్తున్న ఉద్యోగం సంగతి, పదిహేనేళ్లుగా ముఖమైనా చూడని ఒక సహాధ్యాయి పెట్టిన పోస్టు వల్లనే తెలిసింది. మనిషి నిలకడగా నెరపగల సంబంధాలు సుమారు 150 అని మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990లలో అంచనా వేశారు. ఆ సహాధ్యాయి నా 150 మందిలో ఎన్నడూ లేడు.

వేపచెట్టు నీడ:
మా అన్నయ్య ముప్పై ఏళ్లుగా నా పుట్టినరోజు మరవలేదు. రెండేళ్ల క్రితం, అందరూ ఒకే వాక్యాన్ని అతికించి పంపే శుభాకాంక్షలు విసుగు పుట్టించి, నా ప్రొఫైలులో పుట్టిన తేదీ కనబడకుండా చేశాను. ఆ ఏడు అన్నయ్య ఫోన్ రాలేదు. గుర్తుపెట్టుకునే పనిని ఆయన ఎప్పుడో సైటుకు అప్పగించేశారన్నమాట. కోపగించుకుందామనుకున్నాను గాని, ఆయన పుట్టినరోజు ఏ తేదీనో నాకూ వెంటనే తట్టలేదు.

నిదానం:
నాది కొంచెం బరువైన సంగతి. నా స్నేహితుడు పోయి నాలుగేళ్లవుతోంది. ఆ కబురు ఫేస్‌బుక్‌లో వాళ్లమ్మాయి పెట్టిన పోస్టు ద్వారానే నాకు తెలిసింది. 2009లో వచ్చిన లైకు బొటనవేలు అలాంటి పోస్టు కింద ఎంత ఎబ్బెట్టుగా ఉండేదో పాతవారికి గుర్తుండే ఉంటుంది. 2016లో కన్నీటి బొమ్మ కూడా చేరింది. సౌకర్యమే, కాదనను. కాని నేనూ ఆ బొమ్మనే నొక్కి ఊరుకున్నాను, వాళ్లింటికి వెళ్లలేదు. పరామర్శ అయిపోయిందన్న తృప్తి ఆ నొక్కుడుతోనే కలిగింది. తర్వాత మూడు నెలలకు వాళ్లావిడ ఎదురుపడి, ‘మీరు రాలేదేమండీ?’ అన్నప్పుడు, మీ అమ్మాయి పోస్టు కింద బొమ్మ పెట్టానని చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి ఏడాది అతని పుట్టినరోజని అందరికీ నోటిఫికేషను వచ్చింది. తెలియనివారు నూరేళ్లు వర్ధిల్లమని అతని ఫేస్‌బుక్ గోడమీద రాశారు. అది ఎవరి తప్పూ కాదు, అతను లేడని సైటుకు ఎవరమూ తెలియజేయలేదు. మరణ ధ్రువపత్రంతో కోరితే ఆ ఖాతాను స్మారక ఖాతాగా మారుస్తారనీ, తర్వాత అలాంటి నోటిఫికేషన్లు రావనీ అప్పుడే తెలిసింది. మన తదనంతరం ఖాతాను చూసుకునే వ్యక్తిని ముందే నియమించుకునే ఏర్పాటు కూడా 2015 నుంచి ఉంది. ఆ పేరు ఎవరిదో మా ఇంట్లో అడిగితే అందరూ మాట మార్చారు.

నిశ్శబ్దం:
ఇప్పటివరకు రాసినవారందరికీ చెవులు బాగా వినిపిస్తాయని అనుకుంటున్నాను. నాకు ఇరవై రెండో ఏట వినికిడి పోయింది. ఫోను నాకు మూసిన తలుపు. బంధువులు ఇంట్లో అందరితో మాట్లాడి, చివర్లో ‘దానికీ అడిగామని చెప్పండి’ అనేవారు. కుటుంబ గ్రూపు వచ్చాకే మా పిన్ని హాస్యం ఎంత పదునైనదో నాకు తెలిసింది. అంతకుముందు పదేళ్లు ఆవిడ మాటలకు అందరూ నవ్వడం చూశాను గాని, ఎందుకో తెలియదు. కాబట్టి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే రోజులే నిజమైన బంధాల రోజులని ఎవరైనా రాస్తే, ఆ కూర్చున్నవారిలో నేను కూడా ఉండేదాన్నని గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను.

పాతడైరీ:
నిశ్శబ్దం గారూ, ఉత్తరాల కాలాన్ని తలుచుకున్నప్పుడు నాకీ కోణం తట్టనే లేదు. ధన్యవాదాలు.

నలుపుతెలుపు:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తాను పుట్టిన రోజు నుంచి నేను పెట్టిన ఫొటోలన్నీ తీసేయమని మొన్న అడిగింది. చాలా సైట్లలో పదమూడేళ్లు నిండనిదే ఖాతా తెరవడానికి లేదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి ప్రధాన సైట్లలో పదహారేళ్లలోపు వారికి ఖాతాలే లేకుండా చేశారు. పిల్లలు తమంతట తాము పెట్టుకునే ఫొటోల గురించి ఇన్ని నిబంధనలున్నాయి గాని, నావంటి తండ్రులు పెట్టేవాటి మాటేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చోబెట్టుకుని రెండు సాయంత్రాలు తీసేశాము. ఒక్క ఫొటో మాత్రం ఉంచమంది. అందులో తాను లేదు, మా కుక్కపిల్ల ఉంది.

తీరికలేనివాడు:
పాతడైరీ గారూ, ఇంతకీ మీ అక్కాచెల్లెళ్లు ఎలా రాజీపడ్డారు?

పాతడైరీ:
అదే రోజు జవాబు కావలసిన సంగతైతే ఫోన్ చేయాలి, రాసినదానికి మాత్రం గడువు లేదు అని ఒప్పందం చేసుకున్నాము. మూడు వారాలుగా బాగానే సాగుతోంది. నిన్న తనే ఫోన్ చేసింది, పొద్దున పంపిన సందేశం చూశానా లేదా అని అడగడానికి.