పేగులో లింఫోమా, పక్కనే అమిలాయిడ్: ముందు ఏ పరీక్షలు చేయించాలి?

మా మామయ్యగారికి 68 ఏళ్లు, ఉండేది గుంటూరులో. మలంలో రక్తం పడుతుంటే విజయవాడలో ఎండోస్కోపీ చేశారు. చిన్నపేగు నుంచి తీసిన ముక్కలో మార్జినల్ జోన్ లింఫోమా (రోగనిరోధక కణాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్) అని తేలింది. అదే రిపోర్టు అడుగున ఇంకో వాక్యం: కాంగో రెడ్ రంగు వేసి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే ఆకుపచ్చగా మెరిసిందనీ, అమిలాయిడ్ (మడత తప్పి పేరుకున్న ప్రొటీన్ పోగులు) ఉందనీ. దాని సంగతి అడిగితే డాక్టరుగారు "ముందు లింఫోమా చూద్దాం" అని తేల్చేశారు.

నేను చదివినంతలో, ఈ లింఫోమా కణాలు కొన్నిసార్లు యాంటీబాడీలోని లైట్ చైన్లను (దానిలో భాగమైన చిన్న ప్రొటీన్లను) అదే పనిగా తయారుచేస్తాయి. అవి మడత తప్పి పోగులుగా పేగు గోడలో పేరుకుంటాయి. అక్కడికే పరిమితమైతే కొంత నయం. గుండెలో, మూత్రపిండాల్లో కూడా పేరుకుంటే వైద్యమే మారిపోవచ్చు. అది తేల్చకుండా కీమో మొదలుపెడతామంటే నాకు మింగుడుపడడం లేదు.

ఇలాంటి కేసు చూసినవారు దయచేసి చెప్పండి. రక్తంలో ఫ్రీ లైట్ చైన్లు, మూత్రంలో ప్రొటీన్, గుండెకు ఎకో, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద భారాన్ని చూపే రక్తపరీక్ష) సరిపోతాయా? పేగు ముక్కను మైనంలో భద్రపరిచిన పారాఫిన్ దిమ్మె మా దగ్గరే ఉంది (ల్యాబువాళ్లు మొదట ససేమిరా అన్నారు, చివరికి సంతకం పెట్టించుకుని ఇచ్చారు). అమిలాయిడ్ రకం తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీకి మీరు దాన్ని ఎక్కడికి పంపించారు?