పాత గేమింగ్ కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఒక్కటే మార్చడం సబబేనా?

గంటస్తంభం వాసి (విజయనగరం):
2018లో మా అన్నయ్య విశాఖపట్నం నుంచి విడిభాగాలు తెచ్చి కూర్చిన కంప్యూటర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ఆట మొదట్లో బాగానే నడుస్తుంది గాని, జనం కిక్కిరిసిన నగర వీధుల్లోకి వెళ్లేసరికి బొమ్మ క్షణకాలం ఆగిపోయి, ఆ తరువాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 12,000 రూపాయలు చేతిలో ఉన్నాయి. ఇదే బోర్డులో రైజెన్ 5 5600 పెట్టుకోవాలా, గ్రాఫిక్స్ కార్డు కోసం దాచుకోవాలా, లేక కొత్త కంప్యూటర్ కొనేదాకా ఆగాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

నాగావళి తీరవాసి (శ్రీకాకుళం):
ఆగమనే నా సలహా. మీ బోర్డులోని ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్‌ను అమర్చే గూడు) 2017లో తొలి రైజెన్‌లు వచ్చిన నాటిది. దాని స్థానంలో ఏఎం5 వచ్చింది 2022లో. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో మీ 1600 లేదు. పైగా మన జిల్లాల్లో వేసవి సాయంత్రాల వోల్టేజీ సంగతి మీకు తెలియనిది కాదు. ఇన్నేళ్లు ఆ ఒడిదుడుకులు భరించిన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) మీద, బోర్డు మీద మళ్లీ డబ్బు పెట్టడం నాకు క్షేమంగా తోచడం లేదు.

ఆమదాలవలస సభ్యుడు:
నాగావళి తీరవాసి గారు చెప్పిన విండోస్ కారణమే ప్రాసెసర్ మార్చమని చెబుతోంది. 5600 ఆ జాబితాలో ఉంది. ఇక ఏఎం5కు వెళ్లాలంటే బోర్డుతో పాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనక తప్పదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎంతగా పెరిగాయో ఈ మధ్య దుకాణానికి వెళ్లిన వారందరికీ తెలుసు. చేతిలో ఉన్న 16 జీబీని వదులుకోవడానికి ఇంతకంటే చెడ్డ సమయం లేదు.

1600, 5600 రెండింటిలోనూ ఆరు కోర్లే (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లే (ఒకేసారి నడిచే పనుల వరసలు) కదా, తేడా ఏముంటుందని కొందరు అడుగుతారు. 1600లో మూడేసి కోర్లు రెండు జట్లుగా ఉండి, ఒక్కొక్క జట్టుకు 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) మాత్రమే ఉంటుంది. ఒక జట్టుకు కావలసిన సమాచారం రెండో జట్టు దగ్గర ఉంటే అది దూరం ప్రయాణించి రావాలి. 5600లో 32 ఎంబీ క్యాష్‌ను ఆరు కోర్లూ కలిసి వాడుకుంటాయి, గరిష్ఠ వేగం కూడా 3.6 నుంచి 4.4 గిగాహెర్ట్‌జ్‌కు పెరుగుతుంది. విద్యుత్తు పరిమితి మాత్రం రెండింటికీ 65 వాట్లే కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మీద అదనపు భారం పడుతుందన్న భయం అంతగా అక్కరలేదు.

అయితే కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఆట ఎక్కడ ఆగుతుందో అక్కడే నిలబడి, రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు (సెకనుకు కనిపించే బొమ్మల సంఖ్య) బాగా పెరిగితే లోపం గ్రాఫిక్స్ కార్డుది, పెరగకపోతే ప్రాసెసర్‌ది. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం కూడా చూడండి, ఎందుకంటే బయోస్‌లో (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరిక) ఆన్ చేయకుండా ఏళ్ల తరబడి 2133 దగ్గరే వాడుతున్న వారిని చాలామందిని చూశాను.

గంటస్తంభం వాసి:
నిన్న రాత్రి చూశాను. 1080లో 52 ఫ్రేములు వస్తే 720లో 54 వచ్చాయి, కార్డు వాడకం 60 శాతం కూడా దాటలేదు. మీరు ఊహించినట్టే ర్యామ్ 2133 దగ్గర ఉంది. 2933కు మార్చాక ఫ్రేములు 57 అయ్యాయి గాని, ఆగి దూకడం పోలేదు.

నాగావళి తీరవాసి:
ఈ లెక్కలు చూశాక గ్రాఫిక్స్ కార్డు మాట పక్కన పెట్టవచ్చునని ఒప్పుకుంటున్నాను. కానీ 2018 నాటి బోర్డు రేపు చెడిపోతే కొత్త ప్రాసెసర్‌కు సరిపడే బోర్డు కోసం మళ్లీ తిరగాలన్న నా అభ్యంతరం అలాగే ఉంది.

ఆమదాలవలస సభ్యుడు:
ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే. ఏఎం4 బోర్డులు ఇంకా దొరుకుతున్నాయి కనుక దానికి నేను సిద్ధపడతాను. గంటస్తంభం వాసి గారూ, మీ బీ350 లాంటి 300 వరుస బోర్డులకు 5600 లాంటి 5000 వరుస ప్రాసెసర్లను రైజెన్ తయారీ సంస్థ ఏఎండీ 2022లో అనుమతించింది గాని, మీ బోర్డు తయారీదారు పేజీలో 5600 పేరు ఉందో లేదో చూసిన తరువాతే డబ్బు చెల్లించండి. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, ఆ కొద్ది నిమిషాలు యూపీఎస్ తప్పనిసరి. ఇంకొక మాట: ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ (దాని వేడిని లాగే లోహపు దిమ్మె) మధ్య పూసిన పేస్టు ఎండిపోవడం వల్ల నా ప్రాసెసర్ హీట్‌సింక్‌తో పాటే సాకెట్ నుంచి ఊడి వచ్చి, 1331 పిన్నుల్లో నాలుగు వంగిపోయాయి. వాటిని సన్నని సూదితో నిలబెట్టడానికి ఒక పూట పట్టింది. అందుచేత కాసేపు ఆట నడిపి ప్రాసెసర్ వేడెక్కాక కంప్యూటర్ ఆపి, హీట్‌సింక్‌ను పైకి లాగకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ విడదీయండి.

గంటస్తంభం వాసి:
తయారీదారు జాబితాలో 5600 ఉంది. మా వీధిలో ఆదివారం ఉదయం కరెంటు నిలకడగా ఉంటుంది, అన్నయ్య కూడా ఇంట్లో ఉంటాడు. యూపీఎస్ పక్కింటి వారిని అడిగి తెచ్చుకుని బయోస్ పని అప్పుడే చేస్తాను. అది సవ్యంగా పూర్తయితేనే ప్రాసెసర్ కోసం విశాఖ రైలెక్కుతాను.