ఆరుగురు హీరోల జట్టుతో కొత్త కామిక్ సిరీస్: మొదటి సంచికకు ముందు తేల్చుకోవలసినవి

చిత్రలేఖ:
నమస్కారం అండీ. ఆరుగురు సూపర్ హీరోల జట్టుతో తెలుగులో కలర్ కామిక్ సిరీస్ తెస్తున్నాం. మొదటి సంచిక కథ 22 పేజీలు. స్క్రిప్టు అయింది, పెన్సిల్ పని మొదలవలేదు. ఆరుగురినీ మొదటి సంచికలోనే దించెయ్యాలా? పాత్రల మాటలు రాసే బెలూన్లలో తెలుగు ఎలా పట్టించాలి? ప్రెస్సుకి ఏ సైజులో ఇవ్వాలి?

కథాసరిత్:
అందరూ కనిపించవచ్చు గానీ అందరికీ సమాన పరిచయం వద్దు. 1963 సెప్టెంబరు సంచికలుగా మార్వెల్ రెండు జట్లను తెచ్చింది. ఎవెంజర్స్‌లో ఐరన్ మ్యాన్, థోర్, హల్క్ వగైరాలు అప్పటికే పాఠకులకు తెలిసినవాళ్లు, పరిచయాలకు పేజీలు ఖర్చు కాలేదు. ఎక్స్‌మెన్‌లో అంతా కొత్తవాళ్లే. అందుకే జీన్ గ్రే ఆ బడికి అప్పుడే వచ్చినట్టు రాశారు; ఆమెతో పాటే పాఠకుడికీ మిగతావాళ్లు పరిచయమవుతారు. మీది ఈ రెండో రకం. పేజీకి ఐదు ప్యానెళ్ల (బొమ్మల గడుల) లెక్కన 110 వస్తాయి, మనిషికి 18. అందులోనే విలన్, పోరాటం, ఊరు అన్నీ ఇమడాలి. ఇద్దరి మీద కథ నడిపి, తక్కిన నలుగురికీ ఒక్కో శక్తి, ఒక్కో మాటతీరు చూపిస్తే మొదటి సంచికకు చాలు.

ఇంకొకటి, ఆశ్చర్యం ఎప్పుడూ సరి పేజీలో పెట్టండి. బేసి పేజీ కుడివైపు ఉంటుంది, దాన్ని తిప్పితేనే సరి పేజీ కనపడుతుంది. బేసి పేజీలో పెడితే ఎడమ పేజీ చదువుతుండగానే కన్ను అటు పోతుంది.

అక్షరశిల్పి:
బెలూన్ల సంగతి బొమ్మ వెయ్యకముందే తేల్చుకోవాలి. ఇంగ్లీషు కామిక్స్ చూసి బెలూన్‌కి వదిలే జాగా మనకు సరిపోదు. మన మాటలు పొడుగు. పైన గుడి, కింద వత్తు ఉంటాయి. 10 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 14 పాయింట్లయినా ఇవ్వకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. బెలూన్‌కి 12 మాటలు దాటనివ్వకండి. ముందు మాట్లాడేవాణ్ణి ప్యానెల్‌లో ఎడమవైపు నిలబెట్టమని ఆర్టిస్టుకు స్క్రిప్టులోనే రాయండి. లేదంటే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

సంభాషణకు మండలి, అరుపులకు రామభద్ర బాగుంటాయి. రెండూ ఉచిత యూనికోడ్ ఫాంట్లే. సన్న ఫాంట్‌కి బోల్డ్ బటన్ నొక్కి లావు చెయ్యకండి, అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడితే తప్పు ఫాంట్‌ది కాదు. కాస్త పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇంకా పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి. ‘షాక్‌లో’ అని రాస్తే ‘షాక్లో’ అయిపోతోందా? పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనపడని గుర్తు) పెట్టండి. అంతా దిద్దాకే అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారాలుగా) మార్చండి, మార్చిన తర్వాత అచ్చుతప్పు దిద్దలేరు. దిద్దగలిగే ఫైలు విడిగా దాచుకోండి.

ఫారం:
అమెరికన్ సైజు 6.625×10.25 అంగుళాలు. ఇక్కడి 20×30 అంగుళాల షీటుకి అది కుదరదు, కాగితం వృథా. క్రౌన్ 1/4 అనే సైజు తీసుకోండి: ఒక షీటు రెండువైపులా కలిపి 16 పేజీలు, అదే ఒక ఫారం. లోపల 24 పేజీలంటే ఫారమున్నర. సెంటర్ పిన్ బైండింగ్‌కి (మధ్య మడతలో పిన్నులు కొట్టేది) పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, కాబట్టి 22 కథా పేజీలకు మరో రెండు చేర్చక తప్పదు.

కత్తిరించాక 7.25×9.5 అనుకుని, బయటి మూడువైపులా 0.125 అంగుళం బ్లీడ్ (కత్తిరింపులో పోయేందుకు బొమ్మను అంచు దాటి పొడిగించే జాగా) ఇవ్వండి. అంచుకి 0.375 లోపల మాత్రమే అక్షరాలు ఉండాలి. రెండు పేజీలకు పరిచే పెద్ద జట్టు బొమ్మ 12, 13 పేజీల్లో పెట్టండి. అది నడిమి కాగితం, బొమ్మ తెగదు. రంగుల బొమ్మ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సిఎంవైకె (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి). అక్షరాల నలుపు ఒక్క కె (నలుపు) ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగుల నలుపు పెడితే ప్లేటు కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగు చార కనపడుతుంది.

చిత్రలేఖ:
చాలా ఉపయోగం అండీ. ప్రెస్సువాళ్లు మేటర్ అనూలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) ఇమ్మంటున్నారు. ఆర్టిస్టుతో ఒప్పందం నోటిమాటగానే ఉంది, ఫరవాలేదా?

ఫారం:
అనూ వద్దు. అవుట్‌లైన్లు చేసిన పీడీఎఫ్ ఇస్తే వాళ్ల దగ్గర ఏ ఫాంటూ అక్కర్లేదు.

కథాసరిత్:
నోటిమాట చాలదు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశమే. ఏడాదిలో ఆ హక్కులు వాడుకోకపోతే బదిలీ రద్దవుతుంది, వేరేలా రాసుకుంటే తప్ప. సిరీస్ అంటే ఏళ్ల తరబడి సాగేది. పాత్రల రూపకల్పన, లోపలి పేజీలు, బొమ్మలతో చేసే ఇతర వస్తువులు, వీటిలో ఎవరికి ఎంత అన్నది మొదటి పేజీ గీయకముందే రాసుకోండి.