గేటుకి వరద పలకలు పెట్టిస్తే ఇంట్లోకి నీళ్లు రాకుండా ఆగుతాయా?

పాయకాపురం టైలరమ్మ:

మాది విజయవాడ, పాయకాపురం. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది. నాలుగున్నర అడుగులు. గోడకి రెండుసార్లు రంగు వేయించినా ఆ గీత మళ్లీ పైకి తేలుతోంది. ప్రస్తుతానికి దాని మీద క్యాలెండర్ తగిలించాను.

ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్తాను. మామయ్యగారు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది, తొమ్మిదంగుళాలు ఉంటుందేమో. చుట్టూ కాంపౌండు గోడ, ముందు పదడుగుల గేటు. ఇంటికి ముందు తలుపు, వెనక వంటింటి తలుపు. పైన ఒక గది ఉంది, మెట్లు బయటి నుంచే.

ఆ రోజు ఏం జరిగిందంటే, వీధిలోకి నీళ్లు వచ్చాయని మా ఆయన గేటు దగ్గర మూడు ఇసుక బస్తాలు వేసి చూస్తున్నారు. ఇంతలో బాత్రూం జాలీలోంచి బుడబుడమంటూ నల్లనీళ్లు పైకొచ్చాయి. కాసేపటికి గేటు కింద నుంచి కూడా. అరగంటలో మంచం పట్టె మునిగింది. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ఫ్రిజ్ పడవలా తేలుతూ వెళ్లి తలుపుకి అడ్డంపడింది. రెండు మిషన్లు పోయాయి. అంతకన్నా బాధ, కుట్టడానికి ఇచ్చిన పెళ్లి బ్లౌజులు పద్నాలుగు. ఎర్ర పట్టు రంగు దిగి పక్కనున్న క్రీం కలర్ మగ్గం బ్లౌజుకి అంటుకుంది. ఆ డబ్బులు వాయిదాల మీద కట్టాను.

కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంక వాళ్లని చూస్తే కుళ్లు పుడుతుంది, నిజంగానే చెప్తున్నా. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా వాళ్లకి రిటైనింగ్ వాల్ అడ్డుపడింది. మనకి వెనక నుంచి బుడమేరు, కట్టకి గండ్లు.

ఇప్పుడు అసలు సంగతి. ఎగ్జిబిషన్‌లో ఒకాయన అల్యూమినియం పలకలు చూపించాడు. గేటుకి రెండు పక్కలా గాడి బిగించి ఉంచుతారట, వరద వస్తుందంటే పలకలు ఒకదాని మీద ఒకటి దింపుకోవాలట. పదడుగుల గేటుకి మూడడుగుల ఎత్తు, లక్షా ఎనభై వేలు చెప్పాడు. టెక్సాస్‌లో ఉన్న మా మరిది ఇంకో వీడియో పంపాడు, నీళ్లు నింపిన పెద్ద గొట్టం ఇంటి చుట్టూ చుట్టేస్తారు. ఏది మంచిది? ఇక్కడే గేట్ల షాపులో చేయించుకోవచ్చా? లేక ఇంకో యాభై బస్తాల ఇసుక కొని పెట్టుకుంటే సరిపోతుందా? వానాకాలం వస్తోందంటేనే టెన్షన్.

లాకుల దగ్గర పనిచేసినవాడు:

అమ్మా, నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను. మీరు ఒక మాట దారిన పోతూ అన్నట్టు అనేశారు. బాత్రూం జాలీలోంచి ముందొచ్చిందని. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. గేటుకి బంగారు పలక పెట్టించినా ఆ రంధ్రం తెరిచి ఉంటే ఇల్లు నిండుతుంది. డ్రైనేజీ లైనులో నీటిమట్టం వీధిలో ఎంత ఉందో మీ బాత్రూంలోనూ అంతకి రావాలని చూస్తుంది, దానికి గేటుతో పని లేదు.

ఎగ్జిబిషన్‌లో ఆయన చూపించింది కొత్త వస్తువేం కాదు. మా భాషలో స్టాప్‌లాగులు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు పారే నీళ్లలోనే ఒక్కొక్కటిగా దింపించినవి అవే, కాకపోతే అవి టన్నుల బరువు. సూత్రం అదే, గాడి, పలక, రబ్బరు. నీటి తోపుడే పలకని రబ్బరుకి అదుముతుంది.

ఆ తోపుడు ఎంతో తెలుసుకుని డబ్బు పెట్టండి. పదడుగుల గేటుకి రెండడుగుల నీళ్లు నిలిస్తే సుమారు 570 కిలోలు తోస్తాయి. మూడడుగులకి 1,270. మీకు వచ్చిన నాలుగున్నరకి 2,800 పైమాటే. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది, అక్కడే అందరూ పొరపడతారు. పలక ఆగుతుందనుకుందాం. ఆ పలకని పట్టుకున్న స్తంభం? స్తంభం పక్కన గోడ? మన కాంపౌండు గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాల ఇటుకే, పునాది జానెడు. మూడడుగుల నీళ్లకి ఆ గోడ నిలువునా పడుతుంది, పడితే ఒక్కసారిగా వస్తుంది. నెమ్మదిగా ఎక్కే నీళ్ల కన్నా అది ప్రమాదం.

అందుకని కాంపౌండు గేటుని వదిలేయండి. ఇంటి తలుపుల దగ్గర ఆపండి. తలుపు మూడున్నర అడుగులు ఉంటుందనుకుంటే, రెండడుగుల నీళ్లకి 200 కిలోలు. అది మోయదగ్గ బరువు. ఇంటి గోడ తొమ్మిదంగుళాలదే అయ్యుంటుంది, పైన స్లాబు బరువు కూడా ఉంది, తట్టుకుంటుంది. రెండు పలకలు, ఒకటి ముందు, ఒకటి వెనక.

అంతకు మించి నీళ్లు వస్తే? అప్పుడు పలక తీసేసి లోపలికి రానివ్వాలి. ఈ మాట ఎవరికీ నచ్చదు. కానీ బయట నాలుగున్నర అడుగులు, లోపల ఖాళీ అంటే గోడలు పగులుతాయి, గచ్చు పైకి లేస్తుంది. కాబట్టి 2024 లాంటిది మళ్లీ వస్తే ఈ పలకలు ఇంటిని కాపాడవు. మీకు గంటో రెండు గంటలో టైం ఇస్తాయి. ఏటా వచ్చే మోకాలి లోతు నీళ్లకైతే మాత్రం పూర్తిగా పనిచేస్తాయి.

గేట్ల వర్క్‌షాపు, ఆటోనగర్:

పెద్దాయన చెప్పింది కరెక్ట్. నేను ఆ వరద తర్వాత ఇలాంటివి ఏడెనిమిది చేశాను. మొదటిది దండగ అయిపోయింది, అదెలాగో చెప్తా, మీకు పనికొస్తుంది.

తలుపు ఫ్రేముకి బయట గోడకి రెండు పక్కలా ఇనుప ఛానెల్ యాంకర్ బోల్టులతో బిగించాను. 19 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ పలక, వెనక రెండు యాంగిల్ ముక్కలు, అంచులకి రబ్బరు. చూడ్డానికి భలే ఉంది. కస్టమర్ తెలివైనవాడు, డబ్బులిచ్చే ముందు బయట ఇటుకలతో చిన్న తొట్టిలా కట్టించి నీళ్లు నింపాడు. పక్కల నుంచి చుక్క రాలేదు. కింద నుంచి మాత్రం కుళాయి తిప్పినట్టు వచ్చింది. గుమ్మం ముందు గచ్చు మామూలు కంటికి సాపుగా ఉంటుంది, కానీ గజంబద్ద పెట్టి చూస్తే మధ్యలో అర అంగుళం పల్లం. రబ్బరు అక్కడ గచ్చుని తాకనే లేదు.

అప్పటి నుంచి ముందు గ్రానైట్ పట్టీ ఒకటి లెవెల్ చూసి పరిపించాకే పలక చేస్తున్నా. కింద రబ్బరు మెత్తటి స్పాంజి రకం, అంగుళం మందం. పలకని పైనుంచి కిందకి అదమడానికి రెండు రెక్కల నట్లు. పలక ఎంత గట్టిగా ఉందన్నది కాదు, కింద ఎంత అదుముతుందన్నదే పని.

ఇంకోటి, గోడకీ ఛానెల్‌కీ మధ్య సందు. ప్లాస్టరింగ్ మీద బిగిస్తే వెనక నుంచి కారుతుంది. ప్లాస్టరింగ్ చెక్కి ఇటుక దాకా వెళ్లి సిలికాన్ పెట్టి బిగించాలి. ఎవరైనా ఇది చేయకుండా గంటలో బిగించేస్తామంటే నమ్మకండి.

ఇసుక బస్తాల సంగతి. నిండా నింపి మూతి కట్టి దొంతర పేరిస్తే రాళ్లు పేర్చినట్టే, మధ్య సందులుంటాయి. సగం కన్నా కొంచెం ఎక్కువ నింపి, మూతి కిందకి మడిచి, ఇటుక కట్టినట్టు జోడు తప్పించి వేసి ఒక్కో వరస కాలితో తొక్కాలి. ముందు వైపు టార్పాలిన్ పరిచి దాని అంచు కింది బస్తా కిందకి పోవాలి. మడవకి మట్టి కట్టిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కానీ యాభై బస్తాలు ఆదివారం పొద్దున ఎవరు మోస్తారు?

కేటీ, టెక్సాస్:

అక్కా, ఆ గొట్టం వీడియో నేనూ చూశాను. నేను ఉండేది హ్యూస్టన్ పక్కన. 2017లో హార్వీ తుఫానుకి మా ఇంట్లో రెండడుగులు వచ్చింది. ఆడిక్స్, బార్కర్ అని రెండు రిజర్వాయర్లు ఉన్నాయి ఇక్కడ, వాటి వెనక కట్టిన కాలనీల్లో మాది ఒకటి. వాన ఆగాక కూడా నీళ్లు పోలేదు, రోజుల తరబడి నిలిచాయి. మీ సింగ్‌నగర్ ఫొటోలు చూసినప్పుడు అదే గుర్తొచ్చింది.

ఆ గొట్టం పెద్ద స్థలం మధ్యలో ఒంటరిగా ఉన్న ఇంటికి. చుట్టూ చదునుగా ఖాళీ ఉండాలి, నింపడానికి పంపు కావాలి, గంటలు గంటలు పడుతుంది. గొట్టం ఎత్తెంతో అంతకన్నా వెడల్పు నేల తింటుంది. మీ వీధిలో ఇంటికీ గోడకీ మధ్య ఎంత ఉంటుంది, మూడడుగులా? మరచిపోండి. మీ మరిదికి నేను చెప్పానని చెప్పండి.

పెద్దాయన చెప్పిన హద్దుకి ఇక్కడ ప్రభుత్వం వాళ్ల లెక్క కూడా దగ్గరే. ఫెమా, అంటే ఇక్కడి విపత్తుల సంస్థ, మార్గదర్శకాల్లో మామూలు ఇంటి గోడ బయట మూడడుగులు దాటి నీటిని ఆపాలని చూడొద్దంటారు. మా పక్కింటాయన గరాజ్ తలుపుకి ప్లాస్టిక్ షీటు, బస్తాలు అన్నీ పెట్టాడు. నీళ్లు షవర్ కింది డ్రెయిన్‌లోంచి వచ్చాయి. మీకు జాలీ, ఆయనకి షవరు, అంతే తేడా.

భద్రాచలం, కరకట్ట పక్క వీధి:

మాకు 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53కే. ఊరికి కరకట్ట ఉంది, అదే పెద్ద పలక అనుకోండి. నది పెరిగితే కట్టలోని తూములు, అదే స్లూయిజులు, మూస్తారు. మూస్తే లోపల కురిసిన వాన ఎటు పోవాలి? మోటార్లు పెట్టి తోడాలి. మోటార్లు అందుకోలేకపోతే కట్ట లోపలే మునుగుతాం.

మీ ఇంటికీ అదే వర్తిస్తుంది. తలుపులు మూశారు, జాలీలు మూశారు, అయినా ఎక్కడో ఒకచోట ఊరుతుంది. దాన్ని తోడి బయట పోయాలి. కరెంటు ముందే తీసేస్తారు కాబట్టి టుల్లు పంపు మీద ఆధారపడకండి. బకెట్, చీపురు, పాత తువాళ్లు చాలు, లేదా ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడిచే చిన్న పంపు. బ్యాటరీ మాత్రం నేల మీద ఉండకూడదు! మాది నేల మీదే ఉండింది.

లాకుల దగ్గర పనిచేసినవాడు:

జాలీల గురించి చెప్పడం మరిచాను. ప్లంబింగ్ షాపులో టెస్ట్ ప్లగ్గు అని రబ్బరుది దొరుకుతుంది. పైపులో పెట్టి మధ్య నట్టు తిప్పితే ఉబ్బి పట్టేస్తుంది. నాలుగంగుళాల పైపుకి రెండడుగుల నీళ్ల తోపుడు అయిదు కిలోలే, ప్లగ్గు సులువుగా ఆపుతుంది. కమోడ్‌లోకి మాత్రం ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి కుక్కండి. బయట ఛాంబర్లో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీటిని బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వనిది, పెట్టించుకుంటే ఇంకా మేలు. కానీ దాని రెక్క కింద జుట్టు, ప్లాస్టిక్ ఇరుక్కుంటే మూసుకోదు, కాబట్టి జూన్ రాకముందే ఒకసారి తీసి కడగాలి. వంటింటి సింకు, వాషింగ్ మిషన్ గొట్టం కూడా లెక్కలోకి తీసుకోండి. మొత్తం ఎన్ని రంధ్రాలున్నాయో ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.

పాయకాపురం టైలరమ్మ:

అందరికీ థాంక్సండి. లెక్కపెడితే మా ఇంట్లో ఏడు రంధ్రాలు తేలాయి. నేను మూడే అనుకున్నాను.

గేటు ఆలోచన మానేశాం. రెండు తలుపులకీ రెండడుగుల పలకలు, గ్రానైట్ పట్టీతో సహా చేయించాం. పద్నాలుగు వేలైంది. మిషన్ల మోటార్లు విప్పి పైకి పట్టుకెళ్లేలా నట్లు మార్పించాను. కుట్టే బట్టలన్నీ అటక మీద ప్లాస్టిక్ డబ్బాల్లో. స్విచ్ బోర్డులు ఆ గీత కన్నా అడుగు పైకి ఎక్కించాం.

నిన్న ఆదివారం ఉత్తినే ఒకసారి వేసి చూశాం. మా అబ్బాయి ఫోన్లో టైం పెట్టాడు. రెండు పలకలు, ఏడు ప్లగ్గులు, ఇరవై రెండు నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు రెక్కల నట్టు ఒకటి చెయ్యిజారి పోతే వెతకడానికే సరిపోయింది. ఇప్పుడు నట్లని దారంతో పలకకే కట్టేశాను, బొత్తాం కుట్టినట్టు.

అంతా అయ్యాక అత్తయ్య వచ్చి పలక ముందు నిలబడ్డారు. "మరి నేను పైకి ఎలా వెళ్లాలే?" అన్నారు. మేం ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రెండడుగుల పలక దాటలేరు. పలక వేసేముందే ఆవిడని పైకి పంపాలి, అంటే ఆ నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి. లోపల ఒక స్టూలు, బయట ఒక స్టూలు వేసి దాటిద్దామంటే బయటి స్టూలు నీళ్లలో తేలిపోతుంది కదా. ఇనుప మెట్టు గోడకే బిగించేలా వీలవుతుందా, ఆటోనగర్ అన్నయ్యగారూ?