సీమంతానికి బల్లల మీద తేలే కొవ్వొత్తులు, పూలు: ఎలా అమర్చాలి?

ప్రశ్న:
వచ్చే శుక్రవారం సాయంత్రం రాజమండ్రిలో మా చెల్లి సీమంతం. భోజనాల హాల్లో పది గుండ్రటి బల్లలున్నాయి. ఒక్కో బల్ల మధ్య గాజు గిన్నెలో నీళ్ళు పోసి, పూలు, తేలే కొవ్వొత్తులు పెట్టాలని ఉంది. ఇంట్లో ఒకటి చేసి చూస్తే గులాబీలు పక్కకు ఒరిగిపోయాయి, కొవ్వొత్తులన్నీ అంచుకు చేరిపోయాయి. డెకరేషన్ వాళ్ళు చెప్పిన రేటు మేం పెట్టుకోలేం. కాస్త టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
కంగారు పడకండి, రెండూ తేలిగ్గా సర్దుకునేవే. గులాబీ ఒరిగేది కాడ వల్ల. పువ్వు కింద పచ్చగా ఉండే ఉబ్బుకు ఆనించి కాడ మొత్తం కోసేయండి. కాస్త మిగిలినా వాలిపోవచ్చు. మొగ్గలు తేలవని కాదు గానీ దొర్లుతుంటాయి. సగం విచ్చిన పువ్వు తీసుకుని బయటి వరస రేకుల్ని బొటనవేలితో మెల్లగా వెనక్కి వంచండి. ఆ రేకులే తెప్పలా పువ్వును నిలబెడతాయి. చామంతి, బంతి అయితే ఇంత శ్రమ లేదు, కాడ తుంచి వదిలితే చాలు.

ఇక కొవ్వొత్తులు. గిన్నె నిండుగా లేనప్పుడు గాజును తాకే చోట నీళ్ళు కొద్దిగా పైకి ఎగబాకుతాయి, తేలే వస్తువులు అటే వెళ్తాయి. అందుకని ముందు అంచు చుట్టూ పూలు వరసగా వదలండి, కొవ్వొత్తులు మధ్యలోనే ఉండిపోతాయి. అడుగు వెడల్పు గిన్నెకు మూడు చాలు. ఎక్కువ పెడితే ఒకదాని వేడికి ఇంకొకటి కరిగిపోతుంది. పైగా నీళ్ళు కనబడాలి. ఆ వెలుగు నీళ్ళలో ఆడితేనే అందం, గిన్నె నిండా పూలు కుక్కితే అది పోతుంది.

వత్తి తడిస్తే ఓ పట్టాన వెలగదు. కాబట్టి గిన్నె బల్ల మీద పెట్టాకే జగ్గుతో నీళ్ళు పోయండి, తర్వాత పూలు, చివర్లో కొవ్వొత్తులు. అసలు ఇబ్బంది ఫ్యాన్లతో. కాస్త లోతైన గిన్నె తీసుకుని సగానికి పైగా మాత్రమే నీళ్ళు పోస్తే గాజు గోడ గాలిని కొంత ఆపుతుంది. ఏ స్విచ్ ఏ ఫ్యాన్‌దో హాలు వాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి.

ఇంకొకరి జవాబు:
రాజమండ్రి అంటే కడియపులంక పూల మార్కెట్ పక్కనే కదండీ! పొద్దున్నే వెళ్ళి విడిపూలు కిలోల్లెక్కన తెచ్చుకోండి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. మల్లెలు మాత్రం వద్దు, నీళ్ళలో త్వరగా గోధుమరంగుకు తిరుగుతాయి. రంగు వేసిన పూలు కూడా వద్దు, ఆ రంగు నీళ్ళలోకి దిగుతుంది. సెంటు కొవ్వొత్తులూ, సంపెంగలూ భోజనాల దగ్గర అస్సలు బాగోవు. పులిహోర వడ్డిస్తే పులిహోర వాసనే రావాలి.

ఒక్కమాట, అక్కగా చెబుతున్నా. మీ చెల్లెలు కూర్చునే చోట, పిల్లల బల్లల దగ్గర మంట పెట్టొద్దు. గాజులు తొడగడానికి, అక్షింతలు వేయడానికి అందరూ వంగుతారు, పట్టుచీర కొంగు ఎటు జారుతుందో తెలియదు. నీళ్ళలో తేలే బ్యాటరీ దీపాలు దొరుకుతాయి, అక్కడ అవి వాడండి.

అడిగినవారు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. అక్కా, ఆ బ్యాటరీ దీపాల సంగతి నాకు తట్టనే లేదు. పొద్దున్నే అంతా అమర్చేసి ఉంచుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
గిన్నెలు, నీళ్ళు మధ్యాహ్నమే సర్దేయండి. పూలు గంట, గంటన్నర ముందు వేస్తే చాలు. వెలిగించడం మాత్రం అందరూ బంతికి కూర్చునే ముందే. ఎంతసేపు వెలుగుతాయో ప్యాకెట్ మీద ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి. పొడుగు మూతి లైటర్ ఒకటి దగ్గర పెట్టుకుంటే చేయి కాలదు. ఆర్పేటప్పుడు ఊదితే మైనం చిందుతుంది, గరిటె బోర్లించి మూసేయండి. తర్వాత మైనం ముక్కలు, రేకులు జల్లెడతో తీసేశాకే నీళ్ళు పారబోయండి, లేకపోతే సింకు గొట్టం పూడుకుపోతుంది.