పద్నాలుగేళ్ల మ్యూజిక్ సెట్: బాగు చేయించాలా, అమ్మేయాలా?

పాటల పిచ్చి, కడప:
2011లో స్పీకర్లు, యాంప్ (స్పీకర్లకు శబ్దం పెంచి పంపే పెట్టె), సీడీ ప్లేయర్ కలిపి మూడున్నర లక్షలు పోశాను. ఇంట్లో ఆర్నెల్లు దాని మీదే గొడవ. పోయిన వారం మృదంగం గట్టిగా పలికినప్పుడల్లా ఎడమ స్పీకర్ గరగరమంది. జాలీ తీసి, కోన్ (స్పీకర్లో కదిలే గిన్నెలాంటి భాగం) చుట్టూ ఉన్న ఫోమ్ మీద వేలు పెట్టానంతే, జిగటగా అంటుకుని నల్లటి పొడిలా రాలింది. వినేది రోజుకు గంట. దీనికి మళ్లీ డబ్బు పెట్టాలా?

ఫ్యాన్ అయిదులో, అనంతపురం:
అమ్మేయ్ అన్నా. మే నెలలో ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే సన్నటి ఆలాపన ఏం వినపడుతుంది? నాది క్లాస్ ఏ యాంప్. పాట ఉన్నా లేకున్నా కరెంటు తాగేది, వేడి కక్కేది. రెండు వేసవులు చూసి ఇచ్చేశా. ఇప్పుడు బ్లూటూత్ స్పీకర్. ముందు రిమోట్ ముట్టడానికే భయపడిన మా ఆవిడ ఇప్పుడు తనే పాటలు పెడుతోంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
తొందరపడొద్దు. ఫోమ్ పోయేది వాడకంతో కాదు, వయసుతో. వేడికి, తేమకు పది పదిహేనేళ్లలో దానంతటదే చివికిపోతుంది. లక్షల స్పీకరైనా అంతే. కోన్, దాన్ని కదిలించే తీగచుట్ట (కాయిల్) బాగుంటే ఆ ఫోమ్ అంచు మార్పిస్తే చాలు.

యాంప్‌ను అద్దాల షోకేసులో పెట్టి తలుపు మూశారా? లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు సగం అవుతుంది. గదే నలభై ఉంటే షోకేసులో ఎంతుంటుందో చూసుకోండి. పాట ఆపినా స్పీకర్ బుయ్‌మంటుంటే ముందు ఆ కెపాసిటర్లను చూపించండి.

నన్నడిగితే అసలు తంటా గదిది. నేలంతా బండలు, నాలుగు పక్కలా ఉత్త గోడలు. హాల్లో నిలబడి చప్పట్లు కొట్టండి, గింగురుమంటే ఏ సెట్ పెట్టినా మాట మాట మీద పడుతుంది. నేను ఇరవై వేల కేబుల్ కొన్నా, తేడా తెలీలేదు (చెప్పుకోవడానికే సిగ్గు). స్పీకర్ల ముందు మందపాటి జంపఖానా పరిచి, గోడకు పాత బొంత వేలాడదీస్తే గొంతు తేటపడింది.

ఫ్యాన్ అయిదులో:
బొంత వేలాడే హాల్లోకి చుట్టాలను ఎట్లా పిలుస్తావన్నా! పైగా వయసు పెరిగేకొద్దీ చెవికి సన్నటి శబ్దాలే ముందు పోతాయి. యాభై దాటినోళ్లకు ఇదంతా ఎందుకు?

కొండారెడ్డి బురుజు:
పోయేది సన్నటి శబ్దాల్లో పై చివర. గొంతు, మృదంగం దానికి చాలా కింద ఉంటాయి. నాకవి చాలు.

పాటల పిచ్చి:
ఫోమ్ బదులు రబ్బరు వేయిస్తే మన్నుతుంది కదా?

కొండారెడ్డి బురుజు:
వద్దు. దాని బరువు, బిగుతు వేరు. బేస్ మారిపోతుంది. ఫోమే వేయించండి, రెండో స్పీకర్‌కు కూడా. దాని వయసూ అంతే కదా.

పాటల పిచ్చి:
షోకేసు తలుపులు ఇప్పుడే ఊడదీశా. రెండు వూఫర్లూ (ఆ ఫోమ్ పోయిన, బేస్ పలికే కోన్‌లు) బావమరిదితో హైదరాబాద్ పంపుతున్నా. బొంత సంగతి ఇంట్లో అడగాలి.