ఒకే గిన్నెలో ఉల్లిపాయల పాస్తా: ఉల్లిని ఎంతసేపు వేయించాలి, నీరు ఎంత పోయాలి?

మంజీర (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి భోజనానికి మా ఇంట్లో నలుగురం ఉంటాము. మా అత్తగారు, మామగారు పూర్తి శాకాహారులు, కారం ఎక్కువగా తినలేరు. వాన పడే సాయంత్రాలకు హాయిగా ఉండేలా, క్యారమలైజ్ చేసిన, అంటే నెమ్మదిగా రంగు తిరిగేదాకా వేయించిన ఉల్లిపాయలతో వేడివేడి పాస్తాను మొదటి నుంచి చివరి దాకా ఒకే గిన్నెలో వండి పెట్టాలని అనుకుంటున్నాను. అయితే నేను చదివిన విధానాలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరడం లేదు.

ఉల్లిపాయలు పది నిమిషాల్లో ఎర్రగా వేగిపోతాయని ఒకరు రాస్తే, ముప్పావు గంటకు తక్కువ కాదని మరొకరు రాశారు. పాస్తాను విడిగా ఉడికించి నీరు వార్చే పద్ధతి నాకు తెలుసు గాని, వార్చకుండా వండేటప్పుడు నీరు ఎంత పోయాలో, ఉప్పు ఎంత వేయాలో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. చాలా మంది వైట్ వైన్ పోయమంటున్నారు. మా ఇంట్లో అది వాడము. పర్మేజాన్ చీజ్ శాకాహారమా కాదా అన్నది కూడా తెలుసుకోవాలి. క్రీమ్ వేస్తే పెద్దవాళ్లకు బరువవుతుంది కాబట్టి, అది లేకుండానే చిక్కదనం వచ్చే దారి ఉంటే చెప్పగలరు.

ఇత్తడి గరిటె

మంజీర గారూ, ముప్పావు గంట అని రాసినవారిదే సరైన లెక్క. నలుగురికి కిలో ఉల్లిపాయలు కావాలి. ఉల్లిపాయలో దాదాపు తొంభై శాతం నీరే ఉంటుంది. కిలో ముక్కలు చివరికి పావు కిలో ముద్దగా దిగాలంటే ముప్పాతిక వంతు బరువు ఆవిరైపోవాలి. ఆ నీరు గిన్నెలో ఉన్నంతసేపు వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఉల్లిలోని చక్కెరలు రంగు తిరగడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. పది నిమిషాల్లో పని ముగించాలని మంట పెంచితే అంచులు మాడి చేదెక్కుతాయి, లోపల మాత్రం పచ్చి వాసన పోదు. బిర్యానీ కోసం నూనెలో కరకరలాడేలా వేయించే ఉల్లి వేరు, ఇది వేరు. ఇక్కడ ఉల్లి కరకరలాడకూడదు, కరిగిపోవాలి.

అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. లోతైన గిన్నె అయితే పై ముక్కలు ఆవిరిలో ఉడుకుతూనే ఉంటాయి, అడుగు ముక్కలు మాత్రమే వేగుతాయి. నాన్‌స్టిక్ కంటే స్టీలుదో ఇనుపదో మేలు. ఎందుకో కాస్త కిందనే చెబుతాను. ఉల్లిని అడ్డంగా చక్రాల్లాగా కోస్తే నార తెగి త్వరగా కరుగుతుంది, నిలువుగా కోస్తే పాయలు పాయలుగా నిలుస్తుంది. ఈ పాస్తాకు అడ్డంగా కోయడమే నాకు ఇష్టం. రెండు పెద్ద చెంచాల నూనె, ఒక పెద్ద చెంచా వెన్న వేసి, ఉల్లి, అర టీ చెంచా ఉప్పు కలిపి, మూత పెట్టి పది నిమిషాలు మధ్యస్థమైన సెగ మీద మగ్గనివ్వండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మూత తీసేసరికి గిన్నె నిండా ఉన్న ముక్కలు సగానికి దిగి, తమ నీటిలోనే తేలుతూ కనిపిస్తాయి.

అసలు పని అప్పటి నుంచే మొదలవుతుంది. సెగ కొంచెం తగ్గించి, మూత లేకుండా, మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి కలుపుతూ ఉండండి. నీరు ఇంకగానే సలసల శబ్దం పోయి చిటపట శబ్దం మొదలవుతుంది, గిన్నె అడుగున పల్చని గోధుమరంగు పొర పడుతుంది. రుచి అంతా ఆ పొరలోనే ఉంది. అది నల్లబడకముందే రెండు చెంచాల నీరు చల్లి, చెక్క గరిటెతో అడుగును గీకండి. పొర కరిగి మళ్లీ ఉల్లికే పడుతుంది. నాన్‌స్టిక్ గిన్నెలో ఈ పొర సరిగా పట్టదు, అందుకే స్టీలు గిన్నె అన్నాను. ఇలా నీరు చల్లడం, గీకడం అయిదారుసార్లు జరిగేసరికి ముక్కలు మొదట తేనె రంగుకు, తరువాత ముదురు బెల్లం రంగుకు తిరుగుతాయి. బెల్లం రంగు రాగానే ఆపండి.

చిటికెడు వంటసోడా వేస్తే రంగు త్వరగా వస్తుందని కొందరు చెబుతారు. రంగు త్వరగా వచ్చే మాట నిజమే గాని, ఆ క్షారానికి ఉల్లి కణాల గోడలు విరిగి ముక్కలు జావ అయిపోతాయి, ఎక్కువైతే సబ్బు రుచి కూడా తగులుతుంది. తొందరగా ముగించాలంటే ఉల్లిని ముందురోజే వేయించి పెట్టుకోండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు చక్కగా ఉంటుంది.

ఉల్లి రకం కూడా చూసుకోండి. వేసవిలో కోసి ఆరబెట్టి నిల్వ చేసిన రబీ ఉల్లిలో తేమ తక్కువ కాబట్టి అది త్వరగా రంగు తిరుగుతుంది. వానాకాలం పంటగా కొత్తగా వచ్చే ఉల్లిలో నీరు ఎక్కువ, దానికి మరో పది నిమిషాలు కేటాయించండి.

తుంగభద్ర తీరం

ఉల్లి సంగతి పై మిత్రులు పూర్తిగా చెప్పారు కాబట్టి నేను నీరు, ఉప్పు, చిక్కదనం గురించి మాత్రమే రాస్తాను.

అన్నాన్ని ఎలా అత్తెసరు పెడతామో ఈ పాస్తానూ అలాగే వండాలి. గంజి వార్చే ప్రసక్తి లేదు, పోసిన నీరంతా లోపలే ఉండిపోవాలి. నూరు గ్రాముల పాస్తాకు సుమారు 300 మిల్లీలీటర్ల నీరు సరిపోతుంది. ఇటలీలో మనిషికి ఎనభై గ్రాముల ఎండు పాస్తా లెక్క వేస్తారు. ఆ ప్రకారం నలుగురికి 320 గ్రాములు, అంటే లీటరుకు కొంచెం తక్కువ నీరు. గిన్నె వెడల్పును బట్టి, మంటను బట్టి ఆవిరయ్యే నీరు మారుతుంది కాబట్టి, పక్క పొయ్యి మీద మరో గ్లాసు నీరు మరుగుతూ ఉంచుకోండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి పాస్తా బంకబంకగా తయారవుతుంది.

విడిగా ఉడికించే పద్ధతిలో లీటరు నీటికి పది గ్రాముల ఉప్పు వేస్తారు గాని, అందులో చాలా భాగం వార్చిన నీటితో పోతుంది. ఇక్కడ వేసిందంతా కంచంలోకే వస్తుంది. ఉల్లిలో ఇప్పటికే అర చెంచా పడింది, చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి నీటిలో తలకొట్టిన టీ చెంచాడు చాలు. చివర రుచి చూసి సరిచేసుకోవచ్చు.

క్రీమ్ అక్కరలేదు. పాస్తా ఉడుకుతూ విడిచే గంజే నీటిని చిక్కగా మారుస్తుంది, ఆ గంజి ఉల్లిలోని వెన్ననూ నూనెనూ పట్టుకుని విడిపోకుండా ఉంచుతుంది. అయితే ఆ గంజి వల్లనే మొదటి రెండు నిమిషాలు పాస్తా ఒకదానికొకటి అంటుకుంటుంది. ఆ రెండు నిమిషాలు పొయ్యి దగ్గర నుంచి కదలకుండా కలపాలి. తరువాత అప్పుడప్పుడు కలిపితే చాలు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందు నుంచే ఒక ముక్క కొరికి చూస్తూ ఉండండి. మధ్యలో సన్నని పలుకు మిగిలి ఉండగానే మంట కట్టేసి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే మిగతాది ఉడుకుతుంది.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితా తప్పక చదవండి. డ్యూరం గోధుమ రవ్వతో చేసినదే తీసుకోండి. మన దుకాణాల్లో బన్సీ రవ్వ పేరుతో దొరికే పసుపురంగు రవ్వ కూడా ఆ జాతి గోధుమదే. అందులోని మాంసకృత్తులు పిండిపదార్థాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి ముక్క ఆకారం చెడదు. మైదాతోనో మామూలు గోధుమ రవ్వతోనో చేసినవి వార్చే పద్ధతిలో ఎలాగో గట్టెక్కుతాయి గాని, ఒకే గిన్నెలో వండితే పేస్టులా మారిపోతాయి. ఆకారం విషయంలో పెన్నె, ఫుసిల్లీ వంటి పొట్టి రకాలైతే తేలికగా కలుస్తాయి.

మంజీర

ఇద్దరికీ ధన్యవాదాలు. చీజ్, వైన్ సంగతులు ఇంకా తెలియవలసి ఉంది. మరొక ప్రశ్న: అడుగు మందంగా ఉన్నది నా దగ్గర అయిదు లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కర్ ఒక్కటే. మూత బిగించి ఉల్లిని మగ్గిస్తే సమయం కలిసివస్తుందా?

నేపుల్స్ నుంచి ఒక తెలుగువాడు

మంజీర గారూ, మీరు వండాలనుకుంటున్న దానికి ఇటలీలోని ఈ ఊళ్లో చాలా దగ్గరి చుట్టాలు రెండు ఉన్నాయి.

ఒకటి లా జెనొవేజె. పేరులో జెనోవా నగరం ఉన్నా ఇది పూర్తిగా నేపుల్స్ వంట. మాంసం ముక్కతో పాటు దానికంటే ఎక్కువ బరువున్న ఉల్లిపాయలను, కొద్దిగా క్యారెట్, సెలెరీతో కలిపి, గంటల తరబడి అతి సన్నని సెగ మీద ఉంచుతారు. చివరికి ఉల్లి ముక్క అన్నది కంటికి కనబడదు, లేత గోధుమరంగు గుజ్జు మాత్రమే మిగులుతుంది. జీతి అనే పొడవాటి పాస్తా గొట్టాలను చేత్తో విరిచి అందులో కలుపుతారు. విరిచేటప్పుడు రాలే చిన్న తునకలను పారేయరు, అవి గంజిని ఇచ్చి గుజ్జును చిక్కబరుస్తాయి. దీనికోసం ఇక్కడివారు ఇష్టపడే ఉల్లి అవెల్లీనో జిల్లాలోని మోంతోరోలో పండే రాగిరంగు తీపి ఉల్లి. మాంసం లేకుండా చేసే రకాన్ని ఫింతా జెనొవేజె అంటారు, మీ అత్తగారికీ మామగారికీ సరిపోయేది అదే. ఇందులో ఉల్లిని అంత ముదురు రంగు రానివ్వరు. ఇత్తడి గరిటె గారు చెప్పిన బెల్లం రంగు వస్తే రుచిలో తీపి, కాస్త చేదు రెండూ పెరుగుతాయి. కారం తక్కువ తినే పెద్దవాళ్లకు నేనైతే తేనె రంగు దగ్గరే ఆపుతాను.

రెండవది పాస్తా ఎ పతాతే, అంటే బంగాళాదుంపల పాస్తా. ఇక్కడి ఇళ్లలో పాస్తాను కూరతో పాటే ఒకే గిన్నెలో ఉడికించడం కొత్త సంగతి కాదనడానికి అదే సాక్ష్యం. వేగిన ఉల్లిలో దుంప ముక్కలు, నీరు, రకరకాల పొట్టి పాస్తా వేసి, గరిటె నిలబడేంత చిక్కగా ఉడికించి, చివర పొగపట్టిన ప్రోవోలా చీజ్ కలుపుతారు. మీ వంటలో కూడా ఒక చిన్న బంగాళాదుంపను సన్నగా తరిగి వేసి చూడండి, క్రీమ్ గుర్తుకే రాదు.

చీజ్ విషయంలో ఖచ్చితంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మీరు అడిగిన పర్మేజాన్‌లో అసలైనదాన్ని, అంటే పార్మిజానో రెజ్జానోను, దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే (పాలను గడ్డకట్టించే పదార్థం) చేస్తారు, కాబట్టి అది మీరనుకునే అర్థంలో శాకాహారం కాదు. భారతదేశంలో సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్‌లు దొరుకుతాయి, పచ్చచుక్క గుర్తు చూసి అవి కొనండి. అరవై గ్రాములు చాలు. మంట కట్టేసి ఒక నిమిషం ఆగిన తరువాతే తురిమి కలపండి. కుతకుతలాడుతున్నప్పుడు వేస్తే చీజ్ ముద్దకట్టి గరిటెకు చుట్టుకుంటుంది.

వైన్ ఇచ్చేది ముఖ్యంగా పులుపు. ఉల్లి తీపికి ఆ పులుపు తోడు కావాలి కాబట్టి దాన్ని మానేసి ఊరుకోకండి. దించిన తరువాత ఒక పెద్ద చెంచా నిమ్మరసం గాని, రెండు టీ చెంచాల వెనిగర్ గాని కలపండి. పులుపును ఉల్లి వేగేటప్పుడు మాత్రం వేయవద్దు, అది రంగు తిరగడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఇత్తడి గరిటె

కుక్కర్ మూత బిగిస్తే లోపల వేడి 120 డిగ్రీల దాకా పెరిగి ఉల్లి నిమిషాల్లో మెత్తబడుతుంది, కాని నీరు ఎక్కడికీ పోదు. మూత తీశాక ఆ రసమంతా ఇంకేదాకా మళ్లీ వేయించవలసిందే, కాబట్టి కలిసివచ్చేది పది నిమిషాలకు మించదు. మూతను పక్కన పెట్టి, కుక్కర్‌ను మామూలు గిన్నెలాగానే వాడుకోండి. లోతు ఎక్కువ కనుక కిలో ఉల్లిని ఒకేసారి వేయకుండా, సగం వేసి అవి దిగిన తరువాత మిగతా సగం వేయండి. పాస్తా వేశాక మాత్రం మూత బిగించే ఆలోచన వద్దు. గంజి నురుగు పైకి లేచి వెయిట్ రంధ్రంలో అడ్డుపడే ప్రమాదం ఉంది.

మసాలా గురించి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి వంటల్లో థైమ్ అనే ఆకు వేస్తారు. దానికి ఆ వాసన తెచ్చే థైమాల్ మన వాములో కూడా పుష్కలంగా ఉంది. పావు చెంచాకంటే తక్కువ వామును అరచేతిలో నలిపి, ఉల్లి రంగు తిరిగిన తరువాత, నీరు పోసే ముందు వేయండి. అంతకు మించితే పాస్తా వాసన పోయి జంతికల వాసన వస్తుంది. మిరియాల పొడి కొంచెం, రెండు వెల్లుల్లి రేకలు చాలు. వెల్లుల్లిని మొదట్లోనే వేస్తే మాడిపోతుంది, కాబట్టి వాముతో పాటు చివర వేయండి.

మంజీర

అన్ని సందేహాలూ తీరాయి. ఉల్లిని శనివారం రాత్రే తేనె రంగు వరకు వేయించి పెట్టుకుని, ఆదివారం దుంప, పాస్తా కలిపి వండుతాను. మా వారు ఆలస్యంగా వస్తారు. ఆయన వాటా గట్టిపడకుండా ఎలా ఉంచాలో చెప్పగలరా?

తుంగభద్ర తీరం

ఆయన వాటాను చీజ్ కలపకముందే, ముక్క ఇంకొంచెం పలుకు మీద ఉండగానే వేరే గిన్నెలోకి తీసి పెట్టండి. నిలవ ఉన్నకొద్దీ పాస్తా నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. ఆయన వచ్చాక పావు గ్లాసు మరిగిన నీరు పోసి, సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు కలిపితే గంజి మళ్లీ వదులవుతుంది. చీజ్, నిమ్మరసం అప్పుడు కలపండి. మైక్రోవేవ్‌లో పెట్టేటట్టయితే నీరు చల్లి మూత తప్పక పెట్టండి, లేకపోతే పై ముక్కలు ఎండి గట్టిపడతాయి.